అక్క రుచి చూడదు

మా అక్క దాదాపు ముప్పై ఏళ్ళుగా మిఠాయిలు చేస్తోంది. ఇన్నేళ్ళలో పొయ్యి దగ్గర నిలబడి, చేస్తున్నదాన్ని వేలితో తీసి నోట్లో వేసుకోవడం ఎవరూ చూడలేదు. ఆ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసీ ఒక ఏడాది మూడు నెలలపాటు దాన్ని నమ్మలేదు. ఆ ఏడాది గురించే ఇది.

అక్కని చల్లపల్లి ఇచ్చాం. బావకి అక్కడ చేనేత చీరలు, పంచెల కొట్టు ఉంది. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక అక్క ఇంటి వెనక రేకుల వసారాలో రెండు పెద్ద గ్యాసు పొయ్యిలు పెట్టించి సొంతంగా పని మొదలుపెట్టింది. సున్నుండలు, అరిసెలు, తొక్కుడు లడ్లు, కజ్జికాయలు, పెళ్ళిళ్ళకి సారె, శ్రీమంతాలకి చలిమిడి. అటు అవనిగడ్డ నుంచీ ఇటు పామర్రు నుంచీ వచ్చి మరీ చెప్పి వెళ్ళేవాళ్ళు. ఎవరికీ లేదు అనకుండా, చెప్పిన రోజుకి చెప్పినట్టు ఇచ్చేది.

రుచి చూడకపోవడం అమ్మ నుంచి వచ్చింది. అమ్మ మా ఊరి గుడికి ప్రసాదాలు చేసి ఇచ్చేది. నైవేద్యానికి ఎంగిలి తగలకూడదు కాబట్టి నాలికతో పని లేకుండానే అన్నీ నేర్చుకుంది, అక్కకీ అలాగే నేర్పింది. బెల్లం పాకం ఎంతవరకు వచ్చిందో చూడాలంటే పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో ఒక చుక్క వేస్తారు. వేళ్ళతో దగ్గరికి తీస్తే ఉండ కడుతోందా, జారిపోతోందా అన్నది చేతికే తెలుస్తుంది. మినపప్పు వేగిందో లేదో వాసనే చెబుతుంది. ఓసారి నేనే అడిగాను, గుడికి కానివి కూడా ఎందుకు రుచి చూడవని.

"నాలిక ఒక్కోరోజు ఒక్కోలా ఉంటదిరా. జలుబు చేస్తే ఒక రకం, నీరసమొస్తే ఒక రకం. చెయ్యి అట్టా మారదు," అంది.

ఆ అమ్మకే తర్వాత షుగర్ వచ్చింది. చివరి రెండేళ్ళు కాలి వేలికి లేచిన పుండుతో మంచంలో ఉంది, పాదం తీసేయాల్సి వచ్చింది. కట్లు కట్టిందీ, స్నానం చేయించిందీ అంతా అక్కే. ఆ పాదం చూసిన రోజు నుంచీ అక్కకి షుగర్ అనే మాటంటే వణుకు. పండగనాడైనా సరే, పిల్లలు నోటిదాకా తెచ్చి పెడితే ఒక అరిసెలో చిన్న ముక్క తుంచుకునేది, అంతే. ఆమె ఒళ్ళు మాత్రం అమ్మ ఒళ్ళే. నడుం దగ్గర కొవ్వు పట్టిన మనిషి, గుండ్రటి ముఖం.

అక్కకి నలభై నాలుగో ఏట బీపీ బయటపడింది. ఓ మిట్టమధ్యాహ్నం పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి, ముక్కులోంచి రక్తం వచ్చి, వసారా స్తంభం పట్టుకుని కూర్చుండిపోయింది. ఊళ్ళో ఒక పెద్ద డాక్టరుగారుండేవారు. ఆయన చూసి, పై అంకె రెండువందలు దాటిందని కంగారుపడి వెంటనే మందు మొదలుపెట్టారు. మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు కూడా చేయించారు. కొన్నాళ్ళు చూశాక ఒక్క మాత్రలోనే రెండు మందులుండేది ఖాయం చేశారు. అందులో ఒకటి గుండె వేగాన్ని తగ్గించేది, రెండోది ఒంట్లోని ఉప్పునీటిని మూత్రంలో బయటికి తోసేది. నెల తిరిగేసరికి బీపీ దారికొచ్చింది. అక్క మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నేను ఫార్మసీ డిప్లొమా చదివి విజయవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో మందుల షాపు పెట్టుకున్నాను. ఇంట్లో మందుల షాపు ఉండగా అక్క బయట కొనడం ఏమిటని, ఆ చీటీ ఫొటో తెప్పించుకుని నెలనెలా నేనే పంపించేవాణ్ణి. మూడు షీట్లు కవరులో పెట్టి, పైన ఫోన్ నంబరు రాసి, అవనిగడ్డ బస్సుకి పార్శిల్ వేస్తే సాయంత్రానికి బావ తీసుకునేవాడు. రెండేళ్ళకి ఆ డాక్టరుగారు పోయారు. ఆ తర్వాత అక్క బీపీ చూపించుకోవడమంటే నా షాపుకి వచ్చినప్పుడు నేను మిషన్‌తో చూడటమే. ఎప్పుడు చూసినా బాగానే ఉండేది. బాగుంది కదా అని అదే మాత్ర పంపుతూ పోయాను. అలా మొత్తం ఆరేళ్ళు.

ఒక వేసవిలో అక్క విజయవాడలో ఎవరిదో పెళ్ళికి సారె దింపి, తిరిగి వెళ్తూ షాపుకి వచ్చింది. బల్ల మీద కూర్చోగానే పిక్కలు నొక్కుకుంది.

"తెల్లారగట్ట పిక్కలు పట్టేస్తన్నాయిరా. లేచి నిలబడితేగానీ వదలవు. చేతుల్లో కూడా బలం ఉండట్లా. ఇదివరకు తొక్కుడు లడ్డుకి పిండి నేనే దంచేదాన్ని, ఇప్పుడు నాలుగు పోట్లు వేస్తే ఆయాసమొస్తంది."

"యాభై వచ్చినయ్ కదక్కా," అని కాల్షియం మాత్రల డబ్బా ఒకటి చేతిలో పెట్టాను. ఆ రోజే కంపెనీవాళ్ళు కొత్త రకం షుగర్ మిషన్ ఒకటి ఇచ్చి వెళ్ళారు. పనిచేస్తుందో లేదో చూద్దామని అక్క వేలిమీదే పొడిచాను. అంకె చూసి నమ్మలేక రెండో వేలు పొడిచాను. ఆ రాత్రి అక్కని మా ఇంట్లోనే ఆపేసి, పొద్దున పరగడుపున మళ్ళీ చూశాను. నూటయాభై ఒకటి.

అక్క ముఖం పాలిపోయింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తన పాదాలకేసి చూసుకుంటూ కూర్చుంది. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను.

"పొద్దస్తమానం బెల్లం, పంచదార మధ్య ఉంటావు. తెలిసో తెలియకో నోట్లోకి పోతానే ఉంటదక్కా."

"నేను తినను గదరా. నీకు తెలుసుగా," అంది.

"అందరూ అట్టాగే అంటారు. రోజూ షాపులో వింటానే ఉంటాను."

నిజమే, రోజూ వింటాను. షుగర్ పెరిగినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమంది నేనేమీ తినడంలేదండీ అంటారు. మా అక్కని కూడా ఆ తొమ్మిదిమందిలో కలిపేశాను. మూడు నెలలు నోరు కట్టేసుకో, తగ్గకపోతే మాత్ర మొదలుపెడదామని చెప్పి బస్సెక్కించాను.

ఆ మూడు నెలలూ అక్క ఇంట్లో ఎలా గడిచిందో నాకు తర్వాత తెలిసింది. బావ మంచివాడే కానీ, భయపడితే నోరు ఆగని మనిషి. నా మాట పట్టుకుని, కొట్టుకి వెళ్ళేముందు డబ్బాలో సున్నుండలు లెక్కపెట్టి, భోజనానికి వచ్చినప్పుడు మళ్ళీ లెక్కపెట్టేవాడు. ఒకటి తగ్గితే, "ఇదెవరు తిన్నారు?" అనేవాడు. ఎదురింటావిడ పిల్లాడికి పెట్టానని అక్క చెబితే, వెళ్ళి ఆవిణ్ణి అడిగొచ్చేవాడు. చుట్టాలు ఎవరొచ్చినా, "పొయ్యి దగ్గరున్నది పొగనన్నా పీలుస్తదిలే" అని నవ్వేవాళ్ళు. అక్క అన్నం సగానికి తగ్గించింది. రాత్రి జొన్నరొట్టె. కాఫీలో పంచదార మానేసింది. అయినా పరగడుపు షుగర్ నూటయాభై దగ్గరే కదలకుండా నిలబడింది. ఓ వారం నూటఅరవై కూడా దాటింది.

ఫోన్లో ఆ అంకె విని నేను విసుక్కున్నాను. "ఇంకా దాచిపెడతన్నావక్కా. దాచి నన్నేం చేస్తావు, నీ కాళ్ళు నువ్వు పోగొట్టుకుంటావు. అమ్మని చూశావుగా," అన్నాను.

అటునుంచి అక్క గొంతు చాలా మామూలుగా వినిపించింది.

"రేపొచ్చే బస్సుకి వస్తన్నా. పదిహేను రోజులు మీ ఇంట్లో ఉంటాను. నీ పెళ్ళాం ఏం పెడితే అదే తింటాను. గడప దాటి ఒక్కదాన్నే వెళ్ళను. రోజూ పొద్దున నువ్వే రక్తం చూడు."

అది శ్రావణమాసం. అక్కకి ఏడాది మొత్తంలో ఊపిరాడని నెల. వ్రతాలు, పెళ్ళిళ్ళు, సారెలు. ఒప్పుకున్న పనులన్నీ తనకి తెలిసిన మరొకావిణ్ణి పిలిచి ఆమెకి అప్పజెప్పి, పొయ్యిలు కడిగి బోర్లించి వచ్చేసింది. ఇన్నేళ్ళలో శ్రావణంలో పొయ్యి వెలిగించకపోవడం అదే మొదలు. సంచీ కింద పెట్టి మా ఆవిడతో, "అమ్మాయ్, నువ్వు పెట్టింది తింటా. ఇంకొంచెం పెట్టమని అడగను, వద్దనీ అనను. ఉప్పూ కారం నీ ఇష్టం," అంది.

మా ఆవిడ ఇబ్బందిగా, "అయ్యో, అవేం మాటలు వదినగారూ," అంటూ సంచీ అందుకుంది.

పదిహేను రోజులు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, సొరకాయో బీరకాయో ఒక కూర, పల్చటి మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు. సాయంత్రం మా ఆవిడతో కలిసి కాలనీ పార్కులో ఆరు రౌండ్లు. పొద్దున నేను లేచేసరికి అక్క ముఖం కడుక్కుని, హాల్లో కుర్చీలో వేలు చాపి కూర్చునుండేది. అంకె చెప్పగానే లేచి వెళ్ళి గోడమీది కేలండర్లో ఆ తేదీ పక్కన తనే రాసేది. నూటనలభై తొమ్మిది. నూటయాభై మూడు. నూటనలభై ఆరు. నూటయాభై ఐదు. బీపీ మాత్రం పాఠాల్లో రాసినంత చక్కగా ఉండేది.

తొమ్మిదో రోజున షాపుకి బయల్దేరుతుంటే మా ఆవిడ గేటు దాకా వచ్చింది.

"ఏవండీ, వదినగారు నిజంగా ఏమీ తినట్లేదు. నేను పక్కనే ఉంటున్నాగా. పొరపాటు ఆవిడది కాదు. ఎక్కడుందో మీరే చూడండి."

ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు. అయినా అహం ఒకటుంటుంది కదా, మిషన్ తప్పేమోనని వేరే మిషన్ తెచ్చి చూశాను. ల్యాబుకి కూడా రక్తం పంపించాను. అన్నీ ఒకే మాట చెప్పాయి. పదిహేనో రోజు పొద్దున అక్క ఆఖరి అంకె కేలండర్లో రాసి నావైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పరా. ఎక్కడ తిన్నాను?"

అందులో కోపం లేదు. నిజంగానే తనకి కావలసిన జవాబు అడుగుతున్నట్టు అడిగింది. కేలండర్లోని పదిహేను అంకెలూ మళ్ళీ మొదటినుంచీ చదివాను.

మా షాపుకి మూడు వీధుల అవతల ఒక డాక్టరమ్మగారుంది. అరవైకి దగ్గరపడిన మనిషి. ఆవిడ రాసిన చీటీలు రోజూ చూస్తాను, పొదుపుగా రాస్తుంది. ఆ సాయంత్రమే అక్కని అక్కడికి తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళగానే అలవాటు కొద్దీ నేనే మొదలుపెట్టాను.

"మా అక్కండీ. మిఠాయిలు చేస్తుంది. షుగర్ కంట్రోల్ అవట్లేదు—"

డాక్టరమ్మగారు చెయ్యి ఎత్తి ఆపింది. "మీరు కాసేపు కూర్చోండి. ఆవిణ్ణి చెప్పనివ్వండి." అక్కవైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా. మొదటినుంచీ," అంది.

అక్క చెప్పింది. ముక్కులోంచి రక్తం వచ్చిన రోజు నుంచి కేలండర్ దాకా. పిక్కలు పట్టేయడం, చేతుల్లో బలం లేకపోవడం, అమ్మ పాదం. మధ్యలో బయట ఎవరో పేషెంటు తలుపు తోస్తే, డాక్టరమ్మగారు తలుపు వైపు చూడకుండానే "ఒక్క నిమిషం" అని మళ్ళీ వినడంలో పడింది. అంతా విన్నాక టేపు తీసి అక్క నడుం కొలిచింది. కాళ్ళు చూసింది. "ఆ బీపీ మాత్ర తెచ్చారా?" అని అడిగింది.

అక్క సంచీలోంచి షీటు తీసింది. దానితోపాటు పాత ప్లాస్టిక్ కవరొకటి కూడా తీసింది. అందులో ఆరేళ్ళ కిందట ఊళ్ళో పెద్ద డాక్టరుగారు మందు మొదలుపెట్టే ముందు చేయించిన రక్తపరీక్ష కాగితాలున్నాయి. అవి అక్క దాచుకుందని నాకు తెలియదు. అడగనూలేదు.

డాక్టరమ్మగారు ఆ కాగితాన్ని దీపం దగ్గరికి జరిపి చూసింది. "మందు మొదలుపెట్టక ముందు పరగడుపున తొంభై ఆరు. చక్కగా ఉంది. ఈ ఆరేళ్ళలో మళ్ళీ ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించారా?"

"లేదండీ," అంది అక్క.

"ఈ మాత్ర ఎవరు ఇస్తున్నారు?"

"మా తమ్ముడేనండీ. నెల తప్పకుండా పంపిస్తాడు," అంది అక్క, గొప్పగా.

నేను కుర్చీలో కుంచించుకుపోయాను. ఎందుకంటే డాక్టరమ్మగారి వేలు ఆ షీటు మీద రెండో మందు పేరు దగ్గర ఆగగానే నాకు జ్ఞాపకం వచ్చింది. డిప్లొమా రెండో ఏడు పరీక్షలో ఈ రెండు రకాల మందుల ఇబ్బందులు రాయమని ప్రశ్న వచ్చింది. రక్తంలో చక్కెర పెరగవచ్చు, కొవ్వు పెరగవచ్చు, పొటాషియం తగ్గవచ్చు అని వరసగా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ వాక్యాన్ని మా అక్క పిక్కల దగ్గరికి తెచ్చి చూసుకోవాలని మాత్రం తట్టలేదు.

డాక్టరమ్మగారు అక్కకి అర్థమయ్యేలా చెప్పింది.

"అమ్మా, ఈ మాత్ర చెడ్డది కాదు. ఆ రోజు మీ బీపీ ఉన్న తీరుకి ఆయన సరిగ్గానే ఇచ్చారు. ఈ ఆరేళ్ళూ పక్షవాతం రాకుండా కాపాడింది ఇదే అయ్యుండొచ్చు. కానీ ఇందులో ఉన్న రెండు మందులూ కలిస్తే కొంతమందిలో షుగర్‌ని పైకి తోస్తాయి. అందరిలోనూ కాదు. అమ్మకో నాన్నకో షుగర్ ఉండి, నడుం దగ్గర కొవ్వు ఉన్నవాళ్ళు ముందే గట్టు అంచున నిలబడి ఉంటారు. వాళ్ళని ఇది కొంచెం ముందుకి నెడుతుంది. ఒంట్లో పొటాషియం కూడా తగ్గితే ఇంకాస్త. మీకు పిక్కలు పట్టేది అందుకే అయ్యుంటుందని నా అనుమానం. రేపు పరీక్షలో తెలుస్తుంది."

అక్క ఒకటే అడిగింది. "అయితే నేను తిని కాదా అండీ?"

"మీరు తినలేదంటున్నారుగా. నేను నమ్ముతున్నానమ్మా," అంది డాక్టరమ్మగారు.

మూడు నెలలు బావ లెక్కలు పెట్టినా, చుట్టాలు నవ్వినా, నేను కసిరినా అక్క కంట్లోంచి చుక్క రాలేదు. ఆ ఒక్క మాటకి ఏడ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా ఏడ్చింది. డాక్టరమ్మగారు మంచినీళ్ళ గ్లాసు అక్క వైపు జరిపి, ఏడుపు ఆగేదాకా కాగితం మీద ఏదో రాస్తూ కూర్చుంది.

మర్నాడు రక్తపరీక్షలో పొటాషియం తక్కువగా ఉంది. కొవ్వు ఎక్కువగా ఉంది. మూడు నెలల సగటు షుగర్ కూడా గీత దాటింది. డాక్టరమ్మగారు కాగితాలు పక్కపక్కన పెట్టి, "ఇదంతా మాత్ర వల్లేనని నేను చెప్పను. మీ రక్తంలోనే ఉంది ఇది, ఎప్పటికో అప్పటికి వచ్చేదేమో. కానీ వెనకనుంచి నెట్టే చెయ్యి తీసేయడం మన చేతిలో ఉంది," అంది. పాత మాత్ర ఒక్కసారిగా మానేస్తే గుండెకి ప్రమాదమని, కొద్దికొద్దిగా తగ్గిస్తూ మూడు వారాల్లో ఆపేలా రాసింది. దాని స్థానంలోకి వేరే జంట. అందులో ఒకటి రక్తనాళాలని వదులుచేసేది, రెండోది నాళాలని బిగించే హార్మోను పని జరగకుండా అడ్డుకునేది. ఆ జంట షుగర్ జోలికి పోదట. "మూడు నెలలు చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే షుగర్ మాత్ర మొదలుపెడదాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా, తప్పు చేసినవాళ్ళకి ఇచ్చే మందు కాదది," అని కూడా చెప్పింది.

అక్కని బస్సెక్కించి రాబుద్ధి కాలేదు. నేనూ చల్లపల్లి దాకా వెళ్ళాను. ఉయ్యూరు దాటాక రెండువైపులా కొత్తగా నాట్లు వేసిన మళ్ళు, కాలవ నిండా నీళ్ళు. పామర్రులో బస్సు ఆగి, సగంమంది దిగి ఖాళీ అయ్యాక అన్నాను.

"అక్కా, చదువుకున్నవాణ్ణి నేను. ఆరేళ్ళలో ఒక్కసారి రక్తపరీక్ష చేయిద్దామని నాకు తోచలేదు. ఆ మాత్ర పంపిందీ నేనే, తిన్నావని నిన్నన్నదీ నేనే."

అక్క కిటికీలోంచి చూస్తూనే ఉంది. "నాకు కోపం రాలేదని అనను. వచ్చింది. అమ్మ కాలు గుర్తుచేశావు చూడు, ఆ రోజు చాలా వచ్చింది," అంది. మళ్ళీ తనే, "కానీ ఆరేళ్ళు ఏ నెలా తప్పకుండా పంపావుగదరా. ఒక్క నెల తప్పినా పొయ్యి దగ్గర పడిపోయేదాన్నేమో. ఆవిడ కూడా అదే చెప్పిందిగా. అదీ ఇదీ రెండూ నువ్వే. ఒకటి మాత్రం పట్టుకుని ఏడవకు," అంది.

ఆ మాట అనగలగడానికి ఎంత మనసుండాలో నేను ఆ బస్సులో కూర్చుని ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆమె స్థానంలో నేనుంటే అనగలిగేవాణ్ణి కాదు.

బావకి సంగతంతా చెబితే తల గోక్కున్నాడు. అక్కకి ఎదురుపడి క్షమించమని అడిగే మనిషి కాదు. కానీ ఆ తర్వాత కొన్ని నెలలపాటు కొట్టుకి పంచెల చాపు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ, "మా ఆవిడది తిండి తప్పు కాదండీ, మందు తేడా," అని మొత్తం కథ చెప్పి పంపేవాడట. నవ్విన చుట్టాలందరికీ పనిగట్టుకుని ఫోన్లు చేశాడు. ఊళ్ళో ఆ కబురు అక్క మిఠాయిలకంటే దూరం వెళ్ళింది.

మందు మారిన మొదటి వారాలు తేలిగ్గా గడవలేదు. పాత మాత్ర తగ్గిస్తున్నకొద్దీ గుండె దడదడలాడేది. ఓ రోజు బీపీ నూటఅరవైకి వెళ్ళింది. అలాంటప్పుడు అక్క నాకు కాకుండా నేరుగా డాక్టరమ్మగారి క్లినిక్కుకే ఫోన్ చేసేది. అది తెలిసి మొదట మనసు కాస్త చివుక్కుమంది, తర్వాత మెచ్చుకున్నాను. భయపడి మాత్రలు మానేయలేదు, చుట్టుపక్కలవాళ్ళు చెప్పిన కషాయాల జోలికీ పోలేదు. ఏ పూట ఏ మాత్ర, ఎంత అన్నది వంటింటి తలుపు మీద సుద్దతో రాసుకుని అలాగే నడుచుకుంది. పొద్దున్నే కాలవగట్టు మీద గంటసేపు నడక పెట్టుకుంది.

పిక్కలు పట్టేయడం నెలలోపే పోయింది. మూడు నెలలకి పరగడుపు షుగర్ నూటఇరవై ఒకటి. ఆరు నెలలకి నూటపన్నెండు. కొవ్వు కూడా కొంత దిగింది. షుగర్ మాత్ర అవసరం పడలేదు. కాగితం చూసి బావ గంతేసినంత పనిచేశాడు కానీ డాక్టరమ్మగారు నవ్వి, "పూర్తిగా ఒడ్డెక్కలేదండీ, ఇంకా అంచునే ఉన్నారు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష తప్పకూడదు. బీపీ బాగుందని మాత్రం నా దగ్గరికి రావడం మానొద్దు," అంది. అక్క అప్పటినుంచీ ఒక్క ఆరు నెలలూ తప్పలేదు. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది.

మందు మార్చిన మరుసటి శ్రావణంలో నేను చల్లపల్లి వెళ్ళేసరికి అక్క రోట్లో తొక్కుడు లడ్డు పిండి దంచుతోంది. సగం పిండి ఆయాసం లేకుండా తనే దంచింది. పక్కన బావ కూర్చుని యాలకులు ఒలుస్తున్నాడు.

నా షాపులోనూ కొంత మారింది. బీపీ మందులకి పాత చీటీ పట్టుకొచ్చినవాళ్ళని, ఈ మందు మొదలుపెట్టి ఎన్నేళ్ళయింది, రక్తపరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు అని అడగడం మొదలుపెట్టాను. అందరికీ నచ్చదు. ఒక రిటైరైన మాస్టారు, "మందులమ్ముకునేవాడివి, నీకెందుకయ్యా నా రక్తం సంగతి?" అని కేకలేసి పక్క షాపుకి వెళ్ళిపోయారు. నెల తర్వాత ఆయనే వచ్చి, కాగితాలు కౌంటర్ మీద పెట్టి, "చేయించాను, చూడు," అన్నారు. ఆయనకి అంతా మామూలుగానే ఉంది. ఆ మాత్రే చక్కగా పడుతోంది, మార్చక్కరలేదన్నారట డాక్టరు. "అనవసరంగా భయపెట్టావు," అని గొణిగి మూడు షీట్లు తీసుకుని వెళ్ళారు. అదీ మంచిదే అనుకున్నాను. ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో చూస్తేనేగా తెలిసేది.

అక్క చేసే పని ఇంకో రకం. చల్లపల్లిలో తనతో కాలవగట్టు మీద నడిచే ఆడవాళ్ళలో ముగ్గురికి బీపీ ఉంది. ఒకామె మగ్గం నేసే ఇంటి మనిషి, ఎన్నో ఏళ్ళుగా ఏదో ఒక మాత్ర వేసుకుంటోంది కానీ అదేమిటో తెలియదు. రెండు నెలల కిందట అక్క వాళ్ళ ముగ్గురినీ, వాళ్ళ మాత్రల షీట్లతో, పాత కాగితాలతో సహా పొద్దున బస్సెక్కించి విజయవాడ తీసుకొచ్చింది. నేను క్లినిక్కుకి వెళ్ళేసరికి నలుగురూ బయట బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. మగ్గం ఇంటావిడ బిక్కుబిక్కుమంటూ, "డాక్టరమ్మ తిడతదేమో వదినా. నేను పొద్దునొకటి మాపొకటి పచ్చడి తింటాను," అంటోంది.

"తింటే తింటానని చెప్పు. తినకపోతే తినట్లేదని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. ఆవిడ వింటది," అంది అక్క.

లోపలినుంచి పిలుపు రాగానే ఆమె లేచి, షీట్లున్న సంచీ గుండెకి పట్టుకుని లోపలికి వెళ్ళింది. అక్క బయటే కూర్చుంది. అరగంట గడిచినా ఆ తలుపు తెరుచుకోలేదు. పక్కన మిగతా ఇద్దరూ విసుక్కుంటున్నారు. అక్క మాత్రం ఎంతసేపైతే అంత మంచిదన్నట్టు తాపీగా కూర్చునుంది.